కొసరుగా ఇచ్చిన కోలబంతి

మొన్నామధ్య మా అల్లుడి ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు టీవీలో క్రికెట్ ఆటగాళ్ళ వేలం వస్తోంది. ఆట కాదు, వేలమే. సుత్తి పట్టుకున్న ఒక పెద్దమనిషి, బల్లల చుట్టూ కాగితాలు ముందేసుకుని కూర్చున్న యజమానులు, తెర మీద ఒక్కొక్క కుర్రవాడి బొమ్మ, దాని కింద పెరిగిపోతున్న అంకె. మా అల్లుడూ మనవరాలూ కంచంలో అన్నం చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, అమ్ముడుపోయాడు అమ్ముడుపోయాడు అని చప్పట్లు కొడుతున్నారు. మా కాలంలో ఒక మనిషి అమ్ముడుపోయాడంటే ఆ ఇంటికి పిల్లనిచ్చేవారు కాదు. ఇప్పుడు అమ్ముడుపోనివాడి ముఖం చూపించి జాలిపడుతున్నారు. బేరాల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి కనుక నాకు అందులో వింతేమీ ఉండకూడదు. కాని చివర్లో, ఒక జట్టువాళ్ళు ఇద్దరిని ఇచ్చి అవతలి జట్టు నుంచి ఒకణ్ణి తెచ్చుకున్నారనీ, ఆ ఇద్దరిలో రెండోవాణ్ణి బేరం తెగడం కోసం ఊరికే కలిపారనీ ఎవరో నవ్వుతూ చెప్పేసరికి నా గొంతులో ముద్ద నిలిచిపోయింది. తాతను నానా అని పిలిచే మనవరాలు నీళ్ళ గ్లాసు అందించి, "ఏంది నానా, కారమా?" అంది. కారమే అన్నాను.

మాది రాయచోటి. బజారులో మా నాన్నకు, అంటే మా ఇంటి పిలుపులో అబ్బాకు, చిల్లర అంగడి ఉండేది; పక్కనే మా చిన్నాన్న గాజుల అంగడి, ఎదురుగా మేనమామ చెప్పుల అంగడి. నేను నడక నేర్చింది గోనెసంచుల మధ్య, మాట నేర్చింది బేరాల మధ్య. నా తరం వాళ్ళకు కొసరంటే ఏమిటో చెప్పనక్కరలేదు. పప్పు తూచాక పైన వేసే గుప్పెడు, ఆకుకూర కట్టతో పాటు సంచిలో పడే రెండు పచ్చిమిరపకాయలు, బెల్లం కొన్న మనిషి చేతిలో పెట్టే చిన్న ముక్క. అయితే గల్లాకు ఇవతలి వైపు నుంచి అది ఎట్లా ఉంటుందో మీలో చాలామందికి తెలియకపోవచ్చు. కొసరు దయ కాదు. ధర కుదిరాక కూడా కొనేవాడి చెయ్యి సంచి మూతి దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది చూడండి, ఆ క్షణాన వెయ్యాలి. ముందే వేస్తే మనం లోకువ, ఆలస్యం చేస్తే మనిషి పక్క అంగడి మెట్లెక్కుతాడు. మా అబ్బా నాకు తూకం కంటే ముందు నేర్పింది అదే. కొనేటోని మొగం చూడాకురా, చెయ్యి చూడు, అనేవాడు. నాకు మీసాలు రాకముందే, నేను ఆలోచించే పని లేకుండా, నా కుడిచెయ్యే తనంతట తను పోయి కొసరు వేసి వచ్చేది. ఆ చేతిని చూసుకుని అప్పట్లో నేను ఎంత మురిసిపోయానో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆ చెయ్యి పెట్టుబడిగానే కువైట్ వెళ్ళాను. ఫింటాస్‌లో సముద్రం వైపు పోయే వీధిలో మా కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమానికి, ఆటసామాన్ల అంగడి ఉండేది. అంగడిలోనే నిచ్చెన వేసుకుని ఎక్కే ఒక అటక, అటక నిండా అట్టపెట్టెలు. అదే భవనం మూడో అంతస్తులో నాకూ, నాతో పాటు అంగడిలో పనిచేసే కోనసీమ ఆయనకూ కలిపి ఒక గది. మా చెల్లెలు కూడా రెండు వీధుల అవతల ఒక కువైటీ ఇంట్లో పనిచేసేది.

ఒకసారి సరుకుతో పాటు ఎర్రటి తోలుబంతి ఒకటి వచ్చింది. అది గుండ్రంగా లేదు. కోడిగుడ్డులా, రెండు కొసలూ సన్నంగా, కోలగా ఉంది. దారిలో ఏ పెట్టె కిందో నలిగిందనుకుని రెండు రోజులు పంపు పెట్టి గాలి కొట్టాను. ఎంత కొట్టినా ఇంకా పొడుగవుతోంది తప్ప గుండ్రం కావడం లేదు. కోనసీమ ఆయన పక్కన కూర్చుని నా అవస్థ చూసి చూసి, "ఆయ్, ఇది బంతి కాదండి సాయిబుగారూ, ఒలవని కొబ్బరికాయండి. పంపు కాదండి, గునపం తెప్పించండి" అన్నాడు. చివరికి ఓడిపోయి, చెడిన సరుకు అని, తగ్గించిన ధర రాసి, చీటీ అంటించి గల్లా పక్కనున్న బుట్టలో పడేశాను.

దాన్ని ఆ బుట్టలోంచి తీసినవాడే ఈ కథలో మనిషి. ఆస్ట్రేలియా దేశస్థుడు. నలభై దగ్గర వయసు, పెద్ద పొడగరి కాదు గాని గుమ్మం పట్టనంత భుజాలు, ఎడమ మోకాలి మీద నిలువునా కుట్ల మచ్చ. అహ్మదిలో ఒక కాంట్రాక్టరు కింద పంపులు బాగుచేసే పని, కాపురం ఫింటాస్‌లో, భార్య, ఒక కూతురు. బుట్టలో బంతిని చూసి పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకున్నాడు. ఆ చేతులు చూడగానే చీటీ తప్పుపడిందని నాకు అర్థమైపోయింది. ఆ చీటీ పొరపాటున అంటుకుందండీ, అసలు ధర వేరు, అని మొదలుపెట్టాను. ఆయన బంతిని గల్లా మీద దొర్లించి, అది అడ్డదిడ్డంగా పోతుంటే చూపించి, గుండ్రంగా కూడా లేదు కదయ్యా, చీటీ మీద రాసిన దాంట్లో ఇంకా తగ్గించు, అన్నాడు. నా సరుకు లోపాన్ని నాకే అంటగట్టి నన్ను ఓడించినవాడు నా బతుకులో ఆయనొక్కడే. బేరం అయిపోయాక నవ్వుతూ చెప్పాడు, ఈ బంతి పుట్టుకే ఇంత అని.

ఆ తరువాత శుక్రవారాలు పొద్దునే సముద్రపు ఒడ్డున ఆ బంతితో మాకు వాళ్ళ దేశపు ఫుట్‌బాల్ ఆట నేర్పేవాడు. నేను పరుగెత్తితే బంతి కంటే నా పొట్ట ముందు పోయేది. కోనసీమ ఆయన మాత్రం ఊళ్ళో కొబ్బరికాయలు లారీకి ఎక్కించేటప్పుడు వరసలో నిలబడి ఒకరికొకరు విసురుకుని పట్టుకున్న అలవాటు వల్ల, ఎంత ఎత్తు నుంచి వచ్చినా ఆ బంతిని గుండెకు అదుముకుని పట్టేసేవాడు. మా ఊళ్ళో పుట్టి ఉంటే నువ్వు పెద్ద ఆటగాడివయ్యేవాడివి మేట్, అనేవాడు దొర. మేట్ అంటే వాళ్ళ భాషలో నేస్తం. మనవాడికి మాత్రం మేటు అంటే కూలీల మీద పెత్తనం చేసేవాడు గనుక, దొర తనకు పెద్దరికం ఇచ్చాడని వారం రోజులు ఛాతీ విరుచుకు తిరిగాడు.

ఆ ఆటలో నాలుగు స్తంభాలుంటాయి. నడిమి రెండింటి మధ్య నుంచి తన్నితే ఆరు పాయింట్లు. గురి తప్పి పక్క సందులోంచి పోయినా ఒక పాయింటు ఇస్తారు. నాకు ఆశ్చర్యం వేసింది. తప్పు తన్నినవాడికి కూడా పైన ఒకటి వేసి పంపే ఆట లోకంలో ఉందంటే అది కచ్చితంగా అంగడివాళ్ళు కనిపెట్టిందే అయ్యుండాలన్నాను. దీన్ని మా భాషలో కొసరు అంటారని చెప్పి, దాని మర్మమంతా వివరించాను. ఆయనకు ఆ మాట నచ్చింది. అప్పటి నుంచి గురి తప్పినప్పుడల్లా రెండు చేతులూ ఎత్తి, "కోసరూ!" అని కేక పెట్టేవాడు. ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్ళు తలెత్తి చూసేవాళ్ళు.

ఆయన గతం నేను ఒక్కసారిగా వినలేదు. శుక్రవారానికి ఇంత చొప్పున, థర్మాస్‌లో టీ అయిపోయేదాకా చెప్పేవాడు. గోధుమచేల మధ్య చిన్న ఊరు, తండ్రికి ఇనుపసామాన్ల అంగడి. ఆ సంగతి విన్నాకే నేను ఆయన్ని మనలో మనిషిగా జమకట్టుకున్నాను. అప్పట్లో ఆ దేశంలో ఏ ప్రాంతంలో పుట్టిన కుర్రవాడు ఏ క్లబ్బుకు చెందుతాడో ముందే వాటాలు వేసేసుకునేవారట. నువ్వెట్లా ఆడతావన్నది తరువాత, నీ ఊరు ఎవరి వాటాలో ఉందన్నది ముందు. పదిహేడేళ్ళప్పుడు మెల్‌బోర్న్ నుంచి క్లబ్బు మనిషి కారులో వచ్చి, అంగడిలో మేకులు తూస్తున్న ఆయన చేత సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. అక్కడ ఆయన నిలబడిన చోటు పేరు వెనక జేబు. నేను ప్యాంటు జేబు తడుముకుంటే నవ్వి, మన గోల్ పక్కన మూలగా నిలబడే చోటు అది, అన్నాడు. అవతలి జట్టు వాళ్ళలో ఒక చురుకైన మనిషిని అప్పగిస్తారు, ఆట అయ్యేదాకా వాణ్ణి అంటిపెట్టుకుని తిరిగి వాడి చేతికి బంతి చిక్కనీయకపోవడమే పని. తొమ్మిదేళ్ళు అదే చేశాడు. ఆయన కొట్టిన గోల్స్ ఒక చేతి వేళ్ళకు సరిపోతాయి. కొట్టనివ్వనివి ఎవరూ లెక్కపెట్టలేదు. పగలు ఫిట్టరు పని, సాయంత్రాలు బురదలో సాధన, శనివారం వేలమంది అరుపుల మధ్య ఆట, ఆదివారం మంచుగడ్డల తొట్టిలో మోకాలు.

మధ్యలో ఒకసారి మరొక క్లబ్బు పిలిచింది. పోదామంటే సొంత క్లబ్బు విడుదల కాగితం ఇవ్వలేదు. అది లేకుండా మరెక్కడా ఆడకూడదు. పంతానికి పోయి ఒక ఏడాదంతా ఆట మానేసి, తండ్రి అంగడిలో మళ్ళీ మేకులు తూశాడు. ఈ ముక్క చెబుతూ, నీకు ఇది అర్థం కాదులే, అన్నాడు. కఫీల్ ఇనప్పెట్టెలో పాస్‌పోర్టు పెట్టి, రిలీజ్ కాగితం కోసం రెండేళ్ళు ఆయన గుమ్మం ముందు నిలబడినవాణ్ణి నేను. నాకు అర్థం కాకపోవడమా! ఇద్దరం ఇసకలో కూర్చుని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నాం.

ఆ తరువాత ఏడాదే ఆయన్ని అమ్మేశారు. నిజానికి అమ్మింది ఆయన్ని కాదు, అదే క్లబ్బులోని ఒక పొడుగాటి గోల్ వీరుణ్ణి. అవతలి క్లబ్బు ఇచ్చేది చాలదని ఇవతల, అడిగేది ఎక్కువని అవతల, రోజుల తరబడి బేరం నడిచి ఒకచోట ఇరుక్కుపోతే, సరే ఈ వెనక జేబువాణ్ణి కూడా తీసుకోండి అన్నారట. బేరం తెగింది. భార్య పసిబిడ్డ బట్టల కోసం దుకాణంలోకి వెళితే ఈయన బయట కారులో కూర్చుని రేడియోలో ఆ వార్త విన్నాడు. ఆ పొడుగాటివాడి పేరు మూడుసార్లు చెప్పారు, ఈయన పేరు ఒక్కసారి, అదీ తప్పుగా. కొత్త క్లబ్బులో రెండేళ్ళు. మోకాలు పోయింది, ఆటా పోయింది. సాగనంపుతూ రాసిన ఉత్తరంలోనూ పేరు తప్పే. అదంతా చెప్పి, బంతిని చేతుల్లో తిప్పుకుంటూ, "నేనే ఆ కోసరూ, మేట్" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. ఆ మాట ఆయనకు నేర్పినందుకు గర్వపడ్డాను కూడా.

తొంభై ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన నాటి సంగతులు మీకు తెలిసినవే. మా కఫీల్ కుటుంబంతో సెలవుల కోసం దేశం బయట ఉన్నాడు. అంగడి తాళాలూ ఇనప్పెట్టె తాళమూ, అందులోని మా పాస్‌పోర్టులూ మాత్రం నా దగ్గరే ఉండిపోయాయి, అదొక్కటే మా అదృష్టం. మా చెల్లెలి ఇంటి మామా, అంటే యజమానురాలు, పిల్లల్ని కారులో ఎక్కించుకుని సౌదీ వైపు పోతూ దీని చేతిలో ఇంటి తాళం పెట్టి, వారంలో వస్తానని చెప్పి వెళ్ళిపోయింది. అది ఒక్కతే భయపడుతుంటే తెచ్చి మా గదిలో ఉంచి, మేము అంగడిలో పడుకున్నాం. ఆస్ట్రేలియా ఆయన భార్యాబిడ్డలు వేసవి కోసం స్వదేశం వెళ్ళి ఉన్నారు. తెల్లవాళ్ళంతా వచ్చి ఫలానా హోటళ్ళలో చేరాలని రేడియోలో చెప్పారు. చేరినవాళ్ళను ఇరాక్ తీసుకుపోయి ఫ్యాక్టరీల దగ్గరా డ్యాముల దగ్గరా కాపలా పెట్టి ఉంచుతున్నారని, అక్కడ బాంబు వేస్తే మొదట వాళ్ళే పోవాలన్నది ఆ ఎత్తు అని చెప్పుకునేవారు. తెల్లవాణ్ణి దాచినవాడికి ఉరి అని కూడా ప్రకటించారు.

ఒక మిట్టమధ్యాహ్నం, ఎండకు వీధి అంతా నిర్మానుష్యంగా ఉన్న వేళ, ఆయన గుడ్డసంచిలో ఆ బంతి ఒకటి వేసుకుని మా అంగడి వెనక తలుపు తట్టాడు. చూడగానే లోపలికి పిలిచానని రాసుకోవాలని ఉంది. పిలవలేదు. గుమ్మంలో నిలబెట్టి, ఉరి ఒక వైపు, శుక్రవారాలు ఒక వైపు పెట్టి మనసులో తూచాను. తూకం ఇంకా తేలకుండానే వెనక చప్పుడైతే తిరిగి చూశాను. కోనసీమ ఆయన అప్పటికే అటకకు నిచ్చెన వేసేశాడు. "ఎండలో నిలబెట్టి ఏటండి ఆలోచన? దొరగారూ, ఎక్కండి" అన్నాడు.

నెల రోజులు దాటి ఆయన ఆ అట్టపెట్టెల మధ్యే బతికాడు. మా చెల్లెలు అన్నం, టమాటా పప్పు వండి పంపేది; ఆయన్ని అన్నా అనే పిలిచేది, ఆయన అదే తన కొత్త పేరనుకుని పలికేవాడు. రోజూ పొద్దున షట్టరు ఎత్తకముందు అటక కంతలోంచి బంతిని కిందికి వదిలేవాడు, కోనసీమ ఆయన పట్టుకుని పైకి విసిరేవాడు. అట్లా పదిసార్లు, ఇరవైసార్లు, చప్పుడు కాకుండా. కాళ్ళు చాచడానికి చోటులేని మనిషికి అదొక్కటే వ్యాయామం.

ఈలోగా మాకు ఒక దారి దొరికింది. కడప జిల్లా డ్రైవరు ఒకాయన దగ్గర ఒక బడి బస్సు ఉంది. బస్రా, బాగ్దాదు మీదుగా జోర్డాన్ చేరితే అక్కడ నుంచి విమానాల్లో బొంబాయి పంపుతున్నారు. మామాలు వదిలేసి పోయిన పనిపిల్లలు, వఫ్రా తోటల్లో జీతం లేక నడిచి వచ్చినవాళ్ళు, అంతా కలిపి నలభై మందికి పైనే. కావలసిందల్లా ఆ ప్రాంతపు ఇరాకీ ఆఫీసరు సంతకం చేసిన కాగితం. దొరకు కూడా ఏర్పాటు చేశాం. వెనక వీధిలో ఉండే ఒక కువైటీ పంతులు, ముసలాయన, మా బస్సు వెళ్ళిన సాయంత్రమే ఆయన్ని తన ఇంటి నేలమాళిగలోకి తీసుకుపోతానన్నాడు. ఇంకొక్క రోజు గడిస్తే చాలు.

ఆ ఆఫీసరు, సంతకానికి బదులుగా సరుకు ఎంచుకోవడానికి, కాగితంతో పాటు అంగడికే వచ్చాడు, పొద్దున్నే. షట్టరు మీద చప్పుడయ్యేసరికి బంతి కోనసీమ ఆయన చేతిలో ఉంది. పైకి విసిరే వ్యవధి లేక దాన్ని తెచ్చి పాత బుట్టలో, చెడిన సరుకులో దూర్చాడు. నేను షట్టరు ఎత్తాను.

ఆఫీసరు కూడా అంగళ్ళలో పెరిగినవాడే అయ్యుంటాడని రెండు నిమిషాల్లో తెలిసిపోయింది. అడిగిన వస్తువు వైపు చూడడు, అక్కరలేని దాన్ని చేత్తో తడుముతాడు. నేనూ తక్కువ తినలేదు. టీ పోయించాను, ముందు పనికిరానివి చూపించాను, బూట్లు మాఫీ, అంటే లేవు, అన్నాను, కాసేపటికి వెతికినట్టు నటించి తెచ్చాను. ట్రాక్‌సూట్లు, బూట్లు, వ్యాయామం సైకిళ్ళు రెండు, టేబుల్ టెన్నిస్ బల్ల, అన్నీ మా కఫీల్‌వే కనుక నా పొదుపు ఎవరి కోసమో నాకే తెలియదు, అయినా ప్రతిదానికీ ప్రాణం పోతున్నట్టు బేరమాడాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ గంట నాకు చాలా సంతోషంగా గడిచింది. నెల రోజుల తరువాత నాకు వచ్చిన పని నేను చేస్తున్నాను.

అన్నీ కుదిరాయి. ఆఫీసరు కాగితం గల్లా మీద పరిచి, కలం తీసి, దాన్ని కాగితానికి ఒక్క అంగుళం పైన ఆపాడు. అంతే. ముఖంలో ఏమీ లేదు. చెయ్యి ఆగింది.

నా చెయ్యి పోయింది. నేను పంపలేదు. బుట్టలోకి పోయి మొదట చేతికి తగిలిన దాన్ని తీసి కాగితం పక్కన పెట్టింది. పెట్టాక చూశాను, ఎర్రబంతి.

"శిను హాదా?" అన్నాడు, ఇదేమిటి అని. నా నోరు కూడా చేతికి తగ్గదు. చెడిపోయిన బంతి సార్, మీ పిల్లలకు ఊరికే, అంది. ఆయన సంతకం పెట్టాడు. పెట్టి, బంతిని తీసుకుని బొటనవేలితో తోలు మీద రాస్తూ ఒకచోట ఆగాడు. కుట్టు వెంబడి కలంతో గీసిన చిన్న చిన్న గీతలు, నాలుగు నిలువు గీతల మీద అడ్డంగా ఒకటి, అట్లా కట్టలు కట్టలుగా ఉన్నాయి. రోజులు. దొర అటకలో గడిపిన రోజులు. అంత దగ్గరగా తిరిగిన బంతి మీద అవి ఉన్నట్టు నాకు ఆ క్షణం దాకా తెలియదు. ఆఫీసరు పెదవులు కదిలాయి, లెక్కపెట్టుకున్నాడు. తల ఎత్తలేదు. బంతిని చంకలో పెట్టుకుని, ఖలాస్ అని వెళ్ళిపోయాడు.

ఇక్కడి దాకా పొరపాటు. ఇక్కడి నుంచి చెప్పేదానికి ఆ పేరు చాలదు. ఆయన లెక్కపెట్టడం నేను చూశాను. ఆ నిమిషమే నిచ్చెనెక్కి దొరతో చెప్పి ఉంటే, వెనక సందులోంచి పంతులు ఇంటికి పరుగెత్తేవాడేమో. దారిలో దొరికితే మాత్రం కాగితం చింపేస్తారు, బస్సు ఆగిపోతుంది, నలభై మంది, మా చెల్లెలు. నలభై మంది ప్రాణాలు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం కాదు. అబద్ధమైతే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి. మధ్యాహ్నం అన్నం నేనే తీసుకుపోయి ఇచ్చాను. బంతి ఏదన్నాడు. బుట్టలో భద్రంగా ఉందన్నాను. రేపు జాగ్రత్తగా వెళ్ళండి, నా సంగతి ఆలోచించొద్దు, అని నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ కుడిచెయ్యే.

ఎండ వాలకముందే వాళ్ళు వచ్చారు. మా చెల్లెల్ని మేడ మీద నుంచి దింపుకొచ్చి నన్నూ కోనసీమ ఆయన్నీ దాన్నీ గోడకు ఆనించి నిలబెట్టారు. ఆఫీసరు అంగడి మధ్యలో నిలబడి, బంతి చేత పట్టుకుని, పైకి చూస్తూ ఇంగ్లీషులో చెప్పాడు, ఈ బంతి ఎవరిదో వాళ్ళు వచ్చి తీసుకోవచ్చు, లేకపోతే ఈ ముగ్గురూ జీపు ఎక్కుతారు అని. తరువాత అటకలో ఒక పెట్టె కదిలింది. ముందు మంచి కాలు, తరువాత వంగని కాలు, ఒక్కొక్క మెట్టే దిగాడు. దిగి, ఆఫీసరు చేతిలో బంతిని చూశాడు. నన్ను చూశాడు.

"కోసరూ?" అన్నాడు.

అడిగాడో, తిట్టాడో, ఆ స్థితిలో కూడా వేళాకోళమే ఆడాడో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. ఏమన్నాడని ఆఫీసరు నన్ను అడిగాడు. సలాం చెబుతున్నాడు సార్ అన్నాను. అప్పుడు ఆఫీసరు నా దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, అందరూ వినేటట్టు, "శుక్రన్, సదీఖ్" అన్నాడు. థాంక్స్ నేస్తం, అని. నాకప్పుడు వెలిగింది. పొద్దున బంతి ఇవ్వడం ఈయనకు పొరపాటుగా కనిపించలేదు. నోరు విప్పకుండా ఆచూకీ అమ్మానని, కాగితానికి అదే అసలు ధర అని అనుకున్నాడు. దాచినందుకు ఉరి వెయ్యవలసిన మనిషిని మెచ్చుకుని వదిలేస్తున్నాడు. కాదు, నేను అమ్మలేదు, అంటే ఉరి. ఊరుకుంటే అమ్మినట్టు. నేను ఊరుకోనూ లేదు. ఏళ్ళ తరబడి గల్లా వెనక నిలబడి ప్రతి శుక్రన్‌కూ బదులు చెప్పిన నాలుక, పరవాలేదండీ అన్నట్టు, "అఫ్వన్" అనేసింది.

దొర అది విన్నాడు. ఆయనకు ఆ మాత్రం అరబ్బీ వచ్చు. మళ్ళీ నా వైపు చూడలేదు. వెళుతూ వెళుతూ మా చెల్లెలికి తల వంచాడు, కోనసీమ ఆయన్ని మేట్ అన్నాడు.

మర్నాడు బస్సు బయలుదేరింది. బస్రా దాటాక మా చెల్లెలు, "అన్నా, ఆ బంతి వాళ్ళ చేతికెట్ల పోయిందన్నా?" అని అడిగింది. తీసుకున్నారు అన్నాను. ఇచ్చినాను అని కాదు, తీసుకున్నారు అని. అది కోనసీమ ఆయన వైపు చూసింది. ఆయన గల్లా పక్కనే నిలబడి అంతా చూసినవాడు. కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. జోర్డాన్ గుడారాల దాకా మా ముగ్గురి మధ్య నీళ్ళ సీసా తిరిగింది గాని మాట తిరగలేదు.

డిసెంబరులో బందీలందరినీ వదిలేశారని రాయచోటిలో రేడియోలో విన్నాను. బతికే ఉన్నాడన్న సంతోషం ఆ పూటకు సరిపోయింది. ఉత్తరాలు చాలా రాశాను. నేను కావాలని చెయ్యలేదు అన్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి, బేరం మొదలుపెడుతున్నట్టే వినిపించి చింపేశాను. కోనసీమ ఆయన ఎట్లాగో దొర చిరునామా సంపాదించి రాస్తే జవాబు వచ్చింది. ఆ కార్డు నాకు చూపించడానికి పనిగట్టుకుని మా ఊరు వచ్చాడు. రెండో మోకాలు కూడా ఇరాక్‌లో పోయిందట. తండ్రి అంగడిలో మేకులు తూస్తున్నాడట. ఇంకా బంతి జారకుండా పట్టుకుంటున్నావా మేట్ అని అడిగాడు, చెల్లెలు వండిన టమాటా పప్పు తలచుకున్నాడు. కార్డు రెండు వైపులా చదివాను. నా గురించి ఒక్క మాట లేదు. "చోటు చాలలేదేమోనండి" అన్నాడు కోనసీమ ఆయన. ఆయన అబద్ధం చెప్పగా విన్నది ఆ ఒక్కసారే.

ఇప్పుడు మా ఊళ్ళోనూ పెద్ద మార్ట్ వచ్చింది. గాజు తలుపులు, చల్లటి గాలి. వంకాయలు కాటా మీద పెడితే యంత్రం చీటీ కక్కుతుంది. నా ఈడు వాళ్ళు టీ అంగడి దగ్గర చేరి, కొసరు వేసే చేతులు పోయాయి, మనుషులు కుంచించుకుపోయారు, అని రోజూ నిట్టూరుస్తారు. నేనూ తల ఊపుతాను. మా అబ్బా అంగడిలో బెల్లం వాసన నాకు మాత్రం గుర్తులేదా? మా వీధిలోకి వచ్చే ఆకుకూరల ముసలామె ఒక్కతే ఇంకా కట్ట మీద రెండు మిరపకాయలు వేసేది. వాటిని ఏరి వెనక్కి ఇచ్చేసేవాణ్ణి. ఏం సాయిబూ, నావి పుచ్చులా, అని ఒకనాడు అందరి ముందూ దులిపేసింది. ఆ మరునాటి నుంచి మార్ట్‌కే పోతున్నాను. అక్కడ బిల్లు వేసే పిల్ల నా ముఖమూ చూడదు, చెయ్యీ చూడదు. తూకం ఎంతో అంతే. నాకు అదే నెమ్మదిగా ఉంటుంది. అయితే ముందు నిలబడ్డ మనిషి ఎవరైనా సంచి అందుకోబోయి ఒక్క క్షణం ఆగినప్పుడు, నా కుడిచెయ్యి మాత్రం తనంతట తను లేచి, పక్కన లేని బుట్ట కోసం వెతుకుతుంది.